భూషణం గారి ప్రయాణ సమ్మతి

1వ రోజు

భూషణం: 912 గ్రాములు. చుక్కమ్మ: 34 గ్రాములు. ఇద్దరి ఆరోగ్యమూ బాగుంది. నా ఆరోగ్యం గురించి ఫారంలో అడగలేదు.

చిన్న జంతువులతో గాలి ఓడ ఎక్కి సముద్రం దాటేవాళ్ళు బయల్దేరేదాకా రోజూ ఈ దినచర్య రాయాలట. జంతువు బరువు, తిండి, మనసు ఎలా ఉందీ రాయాలి. ఒక్కోదానికి మూడు గీతలిచ్చారు. మనసు సంగతి మూడు గీతల్లో రాసేవాళ్ళు ఎవరో నాకు తెలీదు. నేను వెనక పేజీల్లో కూడా రాస్తాను. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి.

నా పేరు వేగుళ్ళ మంగతాయారు. నలభై నాలుగేళ్ళు. కాకినాడలో రేకులు తీస్తాను. కింద మంట, పైన బోర్లించిన కుండ. దాని మీద బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ ఒక్కసారి పరిచి లాగితే పల్చటి రేకు వస్తుంది. ఒకప్పుడు మిఠాయికి మాత్రమే వాడేవారు. ప్లాస్టిక్ పోయాక మందులూ మసాలాలూ అన్నీ వీటిలోనే చుడుతున్నారు. దక్షిణ ధ్రువం దగ్గర మంచు కరిగిన చోట కొత్తగా వెలసిన తెల్లతీరం నుంచి, రేకు తీయడం నేర్పడానికి రమ్మని నాకు ఉత్తరం వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా నేను తీసిన రేకుల మీద దుకాణం పేరే ఉండేది. ఈ ఉత్తరం మీద నా పేరుంది. దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నాను, సిగ్గేం లేదు.

ఓడ ఇరవై ఆరో రోజున. ఆ తర్వాతది ఆరు నెలలకి. అప్పటిదాకా ఆగం, ఇంకొకరిని చూసుకుంటాం అని ఉత్తరం చివర మర్యాదగానే రాశారు.

3వ రోజు

భూషణం: 915. చుక్కమ్మ: 34.

భూషణం గోళ్ళు కత్తిరించాను. ప్రయాణపు బోనుకి గాలి వెళ్ళే కన్నాలు సరిపోయాయో లేదో నేనే తల దూర్చి చూశాను. తల బయటికి తీయడానికి పక్కింటి అచ్చాయమ్మ పిన్నిగారు రావలసి వచ్చింది.

మనిషికి పన్నెండు కిలోల సామానే. పంతొమ్మిది రోజుల ప్రయాణానికి భూషణం ఎండుగడ్డికే తొమ్మిది పోయాయి. మిగిలిన మూడు కిలోల్లో నా సంసారమంతా సర్దాలి. ఆవకాయ తీసుకెళ్ళాలా, గోంగూర పచ్చడి తీసుకెళ్ళాలా అని గంటసేపు ఆలోచించి, రెండూ పెట్టి చీరలు తగ్గించాను.

తర్వాత ఇద్దరూ మాట్లాడడానికి మెడలో కట్టే మాటపట్టీలు ఎండలో పెట్టాను, ఛార్జి నిండడానికి. ఈ పట్టీలు వచ్చిన కొత్తలో జంతువులు ఏం జ్ఞానం చెబుతాయో అని లోకమంతా చెవులు రిక్కించింది. తీరా చూస్తే పదింటికి తొమ్మిది మాటలు తిండి గురించే. అయినా మాటంటూ వచ్చాక మర్యాద తప్పదు కాబట్టి సమ్మతి చట్టం వచ్చింది. నోరున్న ప్రాణిని అడక్కుండా సముద్రం దాటించకూడదు. రేపే అడుగుతారు.

నాకు బెంగ లేదు. భూషణం గినీ పిగ్ అన్నమాటే గానీ, పెద్దమనిషి. అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు వచ్చాడు. పట్టీ కట్టిన మొదటి రోజున కీరదోస ముక్క చూపించి, "తింటారా భూషణం గారూ?" అన్నాను. "ఆయ్, వద్దండి" అన్నాడు. రెండోసారి అడిగితే, "ఇప్పుడే తిన్నానండి" అన్నాడు. మూడోసారి, "మీరంతగా అంటుంటే కాదంటానా" అని తిన్నాడు. పెంపకం అంటే ఇదీ అని వీధంతా చెప్పుకున్నాను. చుక్కమ్మ పచ్చ లవ్ బర్డ్. అది పక్షుల దుకాణంలో పుట్టింది, దానికి మొహమాటం అంటే ఏమిటో తెలియదు.

4వ రోజు

భూషణం: 911. మనసు: నాది పాడైంది.

పోటు సమయానికి, సముద్రం ముంచేసిన పాత మెయిన్ రోడ్డు మీదుగా పడవలో సమ్మతి కార్యాలయానికి వెళ్ళాం. అధికారి పేరు ఎస్పినోజా. తెల్లతీరం మనిషి, పొడవాటివాడు, తెలుగు యంత్రం దగ్గర నేర్చుకున్నాడట. ఉత్తచేతులతో వెళ్ళకూడదని రెండు పూతరేకులు తీసుకెళ్ళాను. "ఒకటి తీసుకోండి సార్" అన్నాను. "అట్లే" అని రెండూ తీసుకున్నాడు. రెండోసారి బతిమాలడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

ముందు చుక్కమ్మని అడిగాడు. ప్రశ్న పూర్తి కాకముందే, "వత్తా! వత్తా! ఎప్పుడూ? ఇప్పుడేనా? అక్కడ కొర్రలుంటాయా?" అంది. నాలుగు సెకన్లలో ముద్ర పడింది.

"ఓ భూషణమా! ఈ స్త్రీతో కలసి తెల్లతీరమునకు వచ్చుటకు నీకు సమ్మతమేనా?"

భూషణం ముందు పాదాలు దగ్గరగా పెట్టుకున్నాడు. "అబ్బే, నాకెందుకండీ. మీకు శ్రమ. వద్దులెండి."

"అదేంటండీ భూషణం గారూ! రావాలి మరి. మీరు రాకపోతే నేనూరుకోను" అన్నాను. ఎవరైనా అనే మాటే కదా. బల్ల మీద గంట దానంతటదే గణగణమంది.

"శ్రీమతీ, ఇది బలవంతము. 'ఊరుకోను' అనునది బెదిరింపు" అన్నాడు ఎస్పినోజా.

"అయ్యో సార్, మా వైపు మొదటిసారి వద్దంటే అది జవాబు కాదండి. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి నెయ్యి పోసే ఊళ్ళండి మావి. మూడుసార్లు అడగాలండి."

"నియమావళిలో ఒక్కసారి అని ఉన్నది. మూడుసార్లు అడుగుట హింస."

రాసేసుకున్నాడు: నిరాకరణ, మొదటిది. మూడు విచారణలుంటాయట. మూడోసారీ వద్దంటే ఆ జంతువు స్వతంత్ర జీవి. దాన్ని జంతు సదనానికి తీసుకుపోతారు. నాతో ఓడ ఎక్కనివ్వరు, నాతో ఇంటికీ పంపరు. మూడో విచారణ కన్నా ముందు నేను దరఖాస్తు వెనక్కి తీసుకుంటే భూషణం నాకు దక్కుతాడు, ఉద్యోగం పోతుంది.

పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు తిరిగొచ్చాం. దారి పొడుగునా చుక్కమ్మ కొర్రల గురించి మాట్లాడుతూనే ఉంది.

7వ రోజు

భూషణం: 902. గడ్డి బాగానే తింటున్నాడు. కీరదోస తినలేదు.

ఎందుకు తినలేదంటే నేను పెట్టలేదు. మొదటి పిలుపుకే ఔననడం నేర్పాలని మూడు రోజులుగా ఒక్కసారే అడుగుతున్నాను. "వద్దండి" అనగానే ముక్క తీసేస్తున్నాను. ఇవాళ ముక్క తీసేస్తుంటే దాని వైపే చూస్తూ, "మీరు తినండి తాయారు గారండి. నాకసలు కీరదోస పడదండి" అన్నాడు. కడుపులోంచి చప్పుడు మాత్రం నాకు స్పష్టంగా వినబడింది.

అచ్చాయమ్మ పిన్నిగారు అరుగు మీంచి అంతా చూసి, "పిచ్చిదానా, మొదటి పిలుపుకే లేచే పెద్దమనిషిని ఎక్కడైనా చూశావా? అయినా మొహమాటానికి పోతే..." అని ఆ సామెత సగంలో ఆపేశారు. చుక్కమ్మ మిగతా సగం చెప్పింది. ఎవరు నేర్పారో నాకు తెలీదు.

సాయంత్రానికి నావల్ల కాలేదు. కీరదోస మొత్తం తరిగి పెట్టి మూడుసార్లు కాదు, ఆరుసార్లు బతిమాలాను. చదువు అక్కడితో ఆగిపోయింది.

11వ రోజు

భూషణం: 909. రెండో విచారణ.

నోరు జారకుండా చేతిరుమాలు నోట్లో కుక్కుకుని కూచున్నాను. ఎస్పినోజా అడిగాడు. భూషణం, "అంత దూరం నేనెందుకండీ, మీరెళ్ళి రండి" అన్నాడు.  ఇంతలో ఒళ్ళోని రెండో బోనులోంచి చుక్కమ్మ అందుకుంది.

"ఒప్పుకో! ఒప్పుకోవయ్యా! తాయారు ఏడుత్తంది! నిన్న ఏడిసింది! స్నానాల గదిలో నీళ్ళు తిప్పేసి మరీ ఏడిసింది!"

గంట మోగింది. నిరాకరణ, రెండోది, పక్షి ద్వారా ఒత్తిడి అని రాసుకున్నాడు. నీళ్ళు వృథా చేసినట్టు కూడా వేరే కాగితం మీద రాసుకున్నాడు.

"సార్, ఒక్క మాట. మీ ఊళ్ళో ఇంకా తినమని ఎవరూ అనరా?" అని అడిగాను.

"ఆకలి గలవాడు అడుగును. అడుగనివానికి ఆకలి లేదు" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన బక్కటి మెడ చూస్తే నాకు జాలేసింది.

13వ రోజు

భూషణం: 907. మనసు: ఇక్కడే నాకు తెలియడం లేదు.

ఇవాళ మధ్యాహ్నం బోను తలుపు తీసి, నేల మీద ఆయన ఎదురుగా పడుకుని అడిగాను. "భూషణం గారూ, ఇక్కడ అధికారి లేడు, గంట లేదు. నిజం చెప్పండి. మీకు నాతో రావాలని ఉందా?"

"నాకెందుకులెండి" అన్నాడు.

మళ్ళీ అడిగాను. "మీ ఇష్టవేనండి నా ఇష్టం."

మూడోసారి అడిగాను. "మీరంతగా అంటుంటే కాదంటానా అండి."

సంతోషించబోయి ఆగిపోయాను. మొదటి 'వద్దు' మర్యాద అయినప్పుడు, మూడో 'సరే' మాత్రం మర్యాద ఎందుకు కాకూడదు? ఆరేళ్ళుగా కీరదోస తిన్నది ఇష్టమై తిన్నాడో, నేను బాధపడతానని తిన్నాడో! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మరీ మంచిదైతే లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? చలిదేశం, పంతొమ్మిది రోజులు గాల్లో ఊగడం. నిజంగానే ఆయనకి ఇష్టం లేదేమో. ఆ ఉత్తరం మీద నా పేరు చూసుకుని మురిసిపోయి, ఆయన్ని నేనే ఈడ్చుకుపోతున్నానేమో. చాలా భయమేసింది. రేకులు ఒక్కటీ సరిగా రాలేదు, అన్నీ చిరిగాయి.

15వ రోజు

భూషణం: 910.

దరఖాస్తు వెనక్కి తీసుకుందామని కాగితం రాసి పెట్టుకున్నాను. అప్పుడే అచ్చాయమ్మ పిన్నిగారు వచ్చి భూషణం బోను పక్కన చతికిలబడ్డారు. ఆయన వెంటనే గడ్డి మోపు దగ్గరికి వెళ్ళి రెండు పరకలు నోట కరుచుకొచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"తినండి పిన్నిగారండి."

"ఇప్పుడే భోంచేశానయ్యా."

"అలాగంటే ఎలాగండి? మా ఇంటికొచ్చి వట్టినోటితో ఎల్తారా? ఒక్క పరకండి. చివరైనా కొరకండి. ఎంగిలి పడకుండా ఎల్లనివ్వనండి!"

పిన్నిగారు రెండు పరకలూ నమిలారు. మింగినట్టు నటించి కొంగులోకి ఊశారు. బయటికి వచ్చాక, "వీడు అతిథిగా ఉన్నంతసేపే వద్దంటాడే. ఇంటాయనయితే మనల్ని బతకనివ్వడు" అన్నారు నోరు తుడుచుకుంటూ.

ఆ మాట చెవిన పడగానే లోపలికి పరిగెత్తి ఫారం తీశాను. ప్రధాన ప్రయాణికుడు అన్న చోట "నోరున్న ఏ ప్రాణి అయినను" అని ఉంది. అక్కడ నా పేరు కొట్టేసి భూషణం పేరు రాశాను. తోడుప్రాణి అన్న చోట ఆయన పేరు కొట్టేసి నా పేరు రాశాను. ప్రధాన ప్రయాణికుణ్ణి వస్తావా అని అడగరు, ఎవరిని తీసుకెళ్తావని అడుగుతారు. నన్ను తీసుకెళ్ళమంటే ఆయన కాదనడు.

కాదనకపోవడమూ మర్యాదేనేమో అని లోపల ఒక మూల పీకుతూనే ఉంది. కానీ ప్రయాణం ఆయన పేరు మీద ఉంటే, పిలవాలో వద్దో తేల్చుకునేది ఆయనే కదా అని సర్దిచెప్పుకున్నాను. దరఖాస్తు వెనక్కి తీసుకునే కాగితం పొయ్యిలో పడేశాను.

18వ రోజు

భూషణం: 914. ఆఖరి విచారణ. ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను.

ఎస్పినోజా కొత్త ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. నియమావళి తెరిచి చాలాసేపు చదివి, చెల్లుతుందన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఇదే చివరి విచారణ కాబట్టి, తోడుప్రాణి నిరాకరిస్తే ప్రధాన ప్రయాణికుడు ఒంటరిగానైనా బయల్దేరవలెను. నేను నవ్వాను. నేనెందుకు నిరాకరిస్తాను?

"ఓ భూషణమా! ఈ ప్రయాణమునకు నీవు కర్తవు. నీతో ఎవరిని తీసుకొనిపోవుదువు?"

భూషణం మెడ నిక్కించాడు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. "తాయారు గారినండి. చుక్కమ్మనండి. మీరూ రండి సార్, మా ఇంట్లోనే దిగుదురుగాని. పిన్నిగారు కూడా వత్తే బాగుణ్ణు."

ఎస్పినోజా కలం ఆగింది. "నేను అక్కడివాడనే" అన్నాడు. మళ్ళీ తనే, "ఈ ఊరికి వచ్చి ఎనిమిది సంవత్సరములు. ఎవరును తమ ఇంటికి పిలువలేదు" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని నా వైపు తిరిగాడు.

"ఓ మంగతాయారూ! భూషణముతో కలసి తెల్లతీరమునకు పోవుటకు నీకు సమ్మతమేనా?"

"అబ్బే, నాదేముందండీ, నేనెందుకు? ఆయనకి శ్రమ. వద్దులెండి" అన్నాను.

నోట్లోంచి వచ్చాక గానీ నాకు తెలియలేదు. నలభై నాలుగేళ్ళ అలవాటు, నన్ను అడక్కుండానే వచ్చేసింది. ఎస్పినోజా 'నిరాకరణ' అని రాయడం మొదలెట్టాడు. "కాదు సార్, అది కాదు సార్!" అని లేచాను. "జవాబు ఒక్కటే. మార్పు లేదు" అన్నాడు.  ఆరు వందల మైళ్ళు కాదు, ఆరు సముద్రాల అవతలికి ఈయన ఒక్కడూ పోతాడు. రేకు తీయడం ఈయన నేర్పాలి. పొయ్యి దగ్గర బొచ్చు కాలుతుంది.

అప్పుడు భూషణం బోను చువ్వల దాకా వచ్చాడు. "అదేంటండీ తాయారు గారండి, అలాగంటారు? రావాలండి."

గంట మోగలేదు. ఎస్పినోజా నియమావళి చూశాడు, వేలితో గీత వెంబడి చూశాడు. మనిషి జంతువును బలవంతపెట్టరాదని ఉంది. జంతువు మనిషిని బలవంతపెట్టరాదని ఎవరూ రాయలేదు. "కర్త అడుగవచ్చును. తోడుప్రాణి కర్తకు జవాబు చెప్పవచ్చును" అన్నాడు మెల్లగా.

నేను వెంటనే ఔననాలి. అనలేకపోయాను. ఆయన మర్యాద కోసం పిలుస్తున్నాడని లోపల ఆ మూల పీకుతూనే ఉంది.

"రండి తాయారు గారండి. మీరు రాకపోతే నేనూరుకోనండి" అన్నాడు రెండోసారి. అచ్చం నేను అన్నట్టే అన్నాడు. నేను నేర్పిందే నాకు ఒప్పచెబుతున్నాడు అనుకున్నాను. కళ్ళ నీళ్ళు వచ్చాయి.

మూడోసారి పిలిచాడు. "నా మీద ఒట్టండి." నేనింకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

మూడుసార్లు పిలిస్తే ఇంటాయన పూచీ తీరిపోతుంది. ఆ పైన ఎవరూ పిలవరు, పిలవనక్కర్లేదు, తప్పు పట్టేవాళ్ళూ ఉండరు. ఎస్పినోజాకి కూడా అది అర్థమైనట్టుంది, కలం మళ్ళీ కాగితం మీద పెట్టాడు. 

"తాయారూ" అన్నాడు భూషణం. "రా. నువ్వు లేకపోతే నాకు భయం."

ఆరేళ్ళలో ఆయన నన్ను గారండి లేకుండా పిలవడం అదే మొదటిసారి. ఆ మాట ఆయనకి నేను ఎప్పుడూ నేర్పలేదు. బల్ల మీదకి వంగి, "వస్తున్నా, వస్తున్నా, వస్తున్నా" అని చుక్కమ్మ లాగే అరిచాను. ముద్ర పడింది. ముద్ర వేసిన చేత్తోనే ఎస్పినోజా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నేను తోడుప్రాణిని కాబట్టి చిన్న జంతువుల గదిలో ప్రయాణించాలని, నా మెడలో పేరు పట్టీ ఉంటుందని, భూషణం గారికి కిటికీ పక్క సీటు అని చెప్పాడు. పర్లేదన్నాను. ఆదివారం మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. "అట్లే" అన్నాడు.

తిరుగు పడవలో భూషణాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. గాలికి ఆయన చెవులు వెనక్కి వాలుతున్నాయి. కొంతసేపటికి ఉండబట్టలేక, "ఇందాక నన్ను ఏమని పిలిచారు భూషణం గారూ?" అని అడిగాను.

ఆయన నీళ్ళ వైపు చూస్తూ, "గుర్తులేదండి తాయారు గారండి" అన్నాడు.

రెండోసారి అడగలేదు.